మలుపులో ఆడు వస్తాండాది

బళ్ళారి వెళ్ళొచ్చానంటే అందరూ ముందు ఎండ గురించే అడుగుతున్నారు. ఎండ ఉంది, కాదనను. కానీ నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఎండ కాదు. ముందు గాలి, ఆ తర్వాత ఒక మాట. అదీ రెండక్షరాల మాట. దాని సంగతి చెప్పాలంటే నేను అక్కడికి ఏం పని మీద వెళ్ళానో ముందు చెప్పాలి.

మాది విజయనగరం వైపు. ఉద్యోగం హైదరాబాదులో, ఒక చిన్న కంపెనీలో. రాడార్లకు ఫిల్టర్లు తయారుచేస్తాను. కాఫీ ఫిల్టరా, నీళ్ళ ఫిల్టరా అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. రెండూ కాదు, ఇది అంకెల ఫిల్టరు. రాడార్ ఒక రేడియో పల్సు వదిలితే అది ఎదురుగా ఉన్న ప్రతిదానికీ తగిలి తిరిగొస్తుంది. కొండకూ తగులుతుంది, కరెంటు స్తంభానికీ తగులుతుంది, నడిచే మనిషికీ తగులుతుంది. మనకు కావలసింది మనిషి. కొండా స్తంభం కలిసి చేసే గోలను మా వాళ్ళు క్లట్టర్ అంటారు. ఇప్పుడొచ్చిన ప్రతిధ్వనిలోంచి అంతకుముందు వచ్చినదాన్ని తీసేస్తే, కదలనివన్నీ చెరిగిపోయి కదిలినవి మిగులుతాయి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికే జీతం ఇస్తున్నారు.

సండూరు దగ్గర యశ్వంతనగర్‌లో ఇనుప ఖనిజం మోసే టిప్పర్ల దారిలో ఒక గుడ్డి మలుపు ఉంది. మలుపుకు అవతల ఎవరైనా నడుస్తుంటే మా రాడార్ కనిపెట్టి, ఇవతల నుంచి వచ్చే డ్రైవర్లకు ఎర్రదీపం వెలిగించాలి. ఎవరూ లేకపోతే పచ్చదీపం. పెట్టెను అక్కడ బిగించి కొన్నాళ్ళయింది. దాన్ని చివరిసారి పరీక్షించి, గనివాళ్ళకు అప్పజెప్పి రమ్మని నన్ను పంపారు.

బ్రూస్‌పేట: బొరుగులతో టిఫిను

బళ్ళారి స్టేషన్లో ప్రభుదాస్ ఎదురొచ్చాడు. మలుపు దగ్గర మా పెట్టెను చూసుకునే మనిషి. ముఖం చూడటం అదే మొదటిసారి గానీ గొంతు నాకు బాగా అలవాటు. ఆ మలుపులోని గుడిసెలో కూర్చుని, రోడ్డుకు ఏం అడ్డమొస్తే అది ఫోన్లో మాటగా పంపేవాడు. "టిప్పర్ వస్తాండాది మేడమ్." "జీపు పోతాండాది." "ఆడు వస్తాండాది." నేను హైదరాబాదులో కూర్చుని ఆ మాటల్ని రాడార్ రికార్డులతో జత చేసేదాన్ని. ఏ ప్రతిధ్వని దేనిదో తెలిస్తేనే కదా ఫిల్టరుకు ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో నేర్పేది.

"ఆడు" అంటే మా వైపు "వాడు" అని. ఆడొచ్చాడా, ఆడికేటి కావాలి అంటూనే పెరిగాను. కాకపోతే మగవాణ్ణి పట్టుకుని "వస్తాండాది" అనడమేమిటా అని మొదట్లో కొంచెం వింతగా అనిపించింది. సర్లే, ఈ వైపు యాస ఇంతేనేమో అని సరిపెట్టుకున్నాను.

ప్రభుదాస్ ఇల్లు బ్రూస్‌పేటలో. తాతల నాటి నుంచీ మిషన్ చర్చికి చెందిన తెలుగు కుటుంబం. వాళ్ళావిడ గ్రేసమ్మ జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టే పని చేస్తుంది. నన్ను లాడ్జికి వెళ్ళనివ్వకుండా నేరుగా ఇంటికే తీసుకెళ్ళారు. వీధిలో బోర్డులన్నీ కన్నడం. కిరాణా కొట్టాయన ఒక బేరం ఉర్దూలో, ఒకటి కన్నడంలో, ఒకటి తెలుగులో చేస్తున్నాడు. ప్రభుదాస్ తెలుగులో పలకరించి, కన్నడంలో అడిగి, చిల్లర దగ్గర మాత్రం ఉర్దూలోకి దిగాడు. మూడు భాషలూ ఒకే వాక్యంలో ఇరుక్కున్నా ఎవరికీ ఇబ్బంది లేదు, నాకు తప్ప.

టిఫినుకు ఒగ్గాణి, మిరపకాయ బజ్జీ. ఒగ్గాణి అంటే బొరుగుల్ని నానబెట్టి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయలూ నిమ్మరసమూ వేసి పోపు పెట్టడం. బొరుగుల్ని మేం మురీలంటాం, సాయంత్రం బీచిలో పొట్లం కట్టించుకుంటాం. పొద్దున్నే వేడివేడిగా ప్లేటులో పెట్టుకుని తింటారని అనుకోలేదు. బయట బండి మీద కూడా ఇదే తింటున్నారు, ప్లేటు ముప్పై రూపాయలకు కడుపు నిండుతుంది.

"కారం అయితాండాదా మేడమ్?" అని గ్రేసమ్మ అడిగింది.

"లేదండీ, బాగుంది," అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే ఇంగో బజ్జీ ఏసుకోండి," అని వేసేసింది. మా ఊళ్ళో అతిథి వద్దంటే రెండోసారి అడుగుతారు. ఇక్కడ అడగడం అనేది మర్యాద కోసమే, వడ్డించడం మాత్రం జరిగిపోతుంది.

యశ్వంతనగర్: ఎర్ర దుమ్ము

మర్నాడు యశ్వంతనగర్. కొండలు పచ్చగా ఉన్నాయి గానీ రోడ్డుకు రెండు పక్కలా ఆకులు ఎర్రగా ఉన్నాయి, కుక్కలు ఎర్రగా ఉన్నాయి, స్కూటర్లు ఎర్రగా ఉన్నాయి. నేను తెల్ల చుడీదార్ వేసుకెళ్ళాను. తిరిగి వచ్చాక దాన్ని మా పనిమనిషి ఒకసారి ఉతికి, ఇది ఈ రంగేనా అమ్మా అని అడిగింది.

మలుపులో హనుమప్ప అనే పెద్దాయన ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని నిలబడి ఉంటాడు. తెక్కలకోట వైపు పల్లె ఆయనది. అవతల మనుషులు నడుస్తుంటే ఎర్రజెండా ఎత్తుతాడు, టిప్పర్ ఆగుతుంది. ఇన్నాళ్ళూ అలాగే నడిచింది. మా దీపం పనిచేయడం మొదలుపెడితే ఆయన్ని ఖనిజం పగలగొట్టే క్రషర్ దగ్గరికి మారుస్తారట.

"పోనీలేమ్మా, ఆడ నీడన్నా ఉంటాది," అన్నాడు. మా పెట్టెను చూపిస్తూ, "అది అందర్నీ సూస్తాదా?" అని అడిగాడు.

"చూస్తుంది," అన్నాను. అంత ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను.

ఆ మలుపు పొడుగునా పొదలు. కొండ మీంచి గాలి దిగితే అన్నీ ఊగుతాయి. కొండను చెరిపేసినట్టు ఊగే పొదను చెరపలేం, ఎందుకంటే అది కదులుతోంది. ప్రతి పొదా మనిషి అనుకుంటే ఎర్రదీపం ఆరనే ఆరదు, అప్పుడు డ్రైవర్లు దాన్ని లెక్కే చెయ్యరు. అందుకని సున్నా వేగం చుట్టూ ఒక గొయ్యి తవ్వుతాం. ఆ గోతిలో పడే నెమ్మది కదలికలన్నీ మాయం. గొయ్యి మరీ ఇరుకైతే పొదలు బయటికొస్తాయి, మరీ వెడల్పైతే మనుషులు లోపల పడతారు. దాని వెడల్పు తేల్చడమే నా పని. ఇంకో చిక్కు, ఒక్కో వేగంలో వచ్చే టిప్పర్ మన పల్సులతో సరిగ్గా తాళం కలిపేసి, కదలనట్టే కనబడుతుంది. దానికి పల్సుల మధ్య ఎడాన్ని మారుస్తూ పోతే సరిపోతుంది, తాళం తప్పుతుంది.

గొయ్యి కొలత తీసింది ప్రభుదాస్ పంపిన మాటల నుంచే. "ఆడు" అన్న చోటల్లా రికార్డు చూశాను. ప్రతిధ్వని కాస్త బలహీనంగా ఉండేది, గని మగవాళ్ళు బక్కగా ఉంటారు కాబోలు అనుకున్నాను. నడక మాత్రం మహా చురుగ్గా ఉండేది, చాకిరీ చేసేవాళ్ళు కదా అనుకున్నాను. అన్నిటికీ మించి, ఎదురుగా టిప్పర్ వచ్చినా ఆడు ఆగేవాడు కాదు. భయం లేని మనుషులు అనుకున్నాను. ఆగని మనిషి కనుక, కదలిక కనబడకుండా పోయాక ఎర్రదీపాన్ని నాలుగు క్షణాలు పట్టి ఉంచి పచ్చ చేసెయ్యమని పెట్టాను. ఎక్కువసేపు పట్టి ఉంచితే టిప్పర్లు బారులు తీరతాయని గని మేనేజరు ముందే చెప్పాడు మరి.

ఆ రోజు పరీక్షలో ప్రభుదాస్ అటూ ఇటూ నడిచాడు. నడిచినప్పుడల్లా ఎర్రదీపం వెలిగింది. గాలికి పొదలు తెగ ఊగుతున్నా దీపం వాటికి ఎర్రబడలేదు. మేనేజరు కన్నడాయన, తెలుగు బాగానే వచ్చు. "చెన్నాగిదె మేడమ్. సోమవారం నుంచి దీపమే. జెండా బేడ," అన్నాడు. చెన్నాగిదె అంటే బాగుంది, బేడ అంటే వద్దు అని నాకప్పటికే తెలుసు. గంప నెత్తిన పెట్టుకుని బజ్జీలమ్మే గంగమ్మ అప్పుడే మలుపు తిరిగి వచ్చింది. రోజూ ఆ దారినే వస్తుంది. పని బాగా కుదిరిన సంతోషంలో అక్కడున్న అందరికీ నేనే బజ్జీలు ఇప్పించాను.

తెక్కలకోట: పుట్టినరోజు భోజనం

ఆదివారం గ్రేసమ్మ అక్క కూతురి పుట్టినరోజు, తెక్కలకోటలో. మీరూ రావాల్సిందే అన్నారు. పొద్దున బ్రూస్‌పేట చర్చికి వాళ్ళతో పాటు వెళ్ళాను. పాటలు తెలుగులో పాడి, ప్రకటనలు కన్నడంలో చదివారు. అక్కణ్ణుంచి బస్సు. నా పక్క సీటులో కూర్చున్నావిడ నా ఊరు, కులం, జీతం, పెళ్ళి అన్నీ అడిగి తెలుసుకుని, తన సంచిలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. దారి పొడుగునా గుండ్రాళ్ళ కొండలు, తెక్కలకోట దగ్గరపడేసరికి వరి పొలాలు. బళ్ళారి అంటే ఎండిపోయి ఉంటుందని చెప్పినవాళ్ళు ఈ వైపు రాలేదనుకుంటాను.

ఇంటి ముందు షామియానా, పెద్ద పెద్ద గుండిగలు. ప్రభుదాస్ తోడల్లుడు లుంగీ ఎగ్గట్టుకుని గరిటె తిప్పుతున్నాడు. నన్ను చూసి ప్రభుదాస్ ఆయన్ని చూపిస్తూ ఎంతో మర్యాదగా చెప్పాడు:

"మా అన్న పొద్దున్నే ఆడును కోసినాడు మేడమ్. మీరు కడుపు నిండా తినాల."

నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఆగిపోయింది.

"ఎవణ్ణి?"

"ఎవణ్ణి ఏంది మేడమ్, ఆడును."

"ఎందుకండీ?"

"పుట్టినరోజు గదా," అన్నాడు ప్రభుదాస్, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నా ముఖం చూసి గ్రేసమ్మకు అనుమానం వచ్చింది. "మేడమ్, ఆడు అంటే మేక. కన్నడంలో అట్లంటారు. మాకూ అదే అలవాటైపోయినాది." అంతే, షామియానా కింద ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. తోడల్లుడు గరిటెతో సహా నవ్వాడు. నేనూ నవ్వాను. మా వైపు ఆడు అంటే మనిషి అని చెబితే ఇంకా నవ్వారు. జొన్నరొట్టెలోకి మేక కూర వడ్డించారు. రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"ప్రభుదాస్ గారూ, మీరు ఫోన్లో ఆడు వస్తాండాది అని చెప్పారే, అవన్నీ..."

"మేకలే మేడమ్. గని కాలనీ మేకలు. దినామూ రోడ్డెక్కుతాయి."

"అయితే మనుషులు? నడిచేవాళ్ళ సంగతి చెప్పలేదేం?"

ఆయన నొచ్చుకున్నాడు. "రోడ్డుకు అడ్డమొచ్చేవన్నీ చెప్పమంటిరి గదా. బండ్లు చెప్పినా, ఆడులు చెప్పినా. మన మనుషులు అడ్డమెట్లయితారు మేడమ్?"

అడ్డమొచ్చేవి అన్నది నేనే. ఆయన మాటలో "ది" వినబడుతున్నా యాస అనుకుని కొట్టిపారేసిందీ నేనే. నా ఫిల్టరుకు మనిషంటే ఏమిటో తెలియదు. అది నేర్చుకున్నదంతా మేకల దగ్గర.

"టిప్పర్ ఎదురొస్తే మనుషులు ఏం చేస్తారండీ?" అని మెల్లగా అడిగాను.

"ఏం చేస్తారు, నిలబడతారు. పెద్ద బండి గదా, యాడికి తిరుగుతాదో తెల్దు. పక్కన రాయి మాదిరి నిలబడాల."

"మరి మేక?"

"మేకకేం భయం మేడమ్. అది పోతానే ఉంటాది."

రాళ్ళను చెరిపెయ్యడానికే ఆ ఫిల్టరు కట్టాను. టిప్పర్ చప్పుడు వినగానే మనిషి రాయిలా నిలబడతాడు. అంటే సరిగ్గా టిప్పర్ వచ్చే సమయానికే నా రాడార్ ఆ మనిషిని చెరిపేస్తుంది, నాలుగు క్షణాలాగి డ్రైవరుకు పచ్చదీపం చూపిస్తుంది. సోమవారం నుంచి అక్కడ హనుమప్ప ఉండడు. ఆ పూట నేను ఇంకేం తినలేదు. ఆ ఇంటివాళ్ళు కారం ఎక్కువైందేమో అని బాధపడ్డారు.

మళ్ళీ మలుపు

సోమవారం మేనేజరు దీపానికి పూలదండ కూడా తెప్పించాడు. అప్పజెప్పే ముందు ఒక్క పరీక్ష మిగిలిందన్నాను. మొన్న అయింది కదా అన్నాడు. మొన్న టిప్పర్ లేదు అన్నాను. హనుమప్పను ఎప్పటిలాగే జెండాలతో తన చోటులో నిలబడమన్నాం. డ్రైవరుకు మాత్రం నడక వేగంలో రమ్మని, దీపం ఏం చెబితే అది చెయ్యమని, జెండా లేస్తే మాత్రం అక్కడే ఆగిపోవాలని గట్టిగా చెప్పాం. గంగమ్మ రోజూ వచ్చినట్టే రావడానికి ఒప్పుకుంది.

"ఊరికే నడిస్తే సాలునా?" అని అడిగింది.

"రోజూ ఎట్లా వస్తావో అట్లానే. టిప్పర్ వస్తే ఏం చేస్తావో అదే చెయ్యి."

ఆమె గంప ఎత్తుకుని నడిచింది. ఎర్రదీపం వెలిగింది. మేనేజరు నావైపు చూసి నవ్వాడు. కింద నుంచి టిప్పర్ హారన్ వినబడింది. గంగమ్మ రోడ్డు వారకు జరిగి, గంపను చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. దీపం కొద్దిసేపు ఎర్రగానే ఉంది. తర్వాత పచ్చగా మారింది. డ్రైవరు ముందుకు వస్తున్నాడు. హనుమప్ప రోడ్డు మధ్యకు వచ్చి ఎర్రజెండా ఎత్తాడు. టిప్పర్ చాలా దూరంలోనే ఆగిపోయింది.

మేనేజరు నవ్వు పోయింది. "ఇదేంది మేడమ్? మనిషి అక్కడే ఉంది కదా."

"ఉంది సార్. నిలబడింది. కదలని మనిషిని ఇది చూడలేదు."

"అయితే ఫిల్టర్ సరి మాడి, సరిచెయ్యండి. ఆ గొయ్యి ఏదో చెప్పారు, దాన్ని పూడ్చండి."

"పూడిస్తే పొదలన్నీ మనుషులైపోతాయి. ఆమె పైట కొంగు, ఆ పక్కన కొమ్మ ఒకే వేగంతో ఊగుతున్నాయి. నాకే తేడా తెలియడం లేదు, దానికేం తెలుస్తుంది?"

"దీపాన్ని ఎక్కువసేపు ఎర్రగా పెట్టండి మరి."

"ఎంతసేపు సార్? ఆవిడ ఎంతసేపు నిలబడుతుందో ఎవరు చెబుతారు?"

ఆయనకు కోపం వచ్చింది. అంత డబ్బు పోసి, దండ తెప్పించి, పైవాళ్ళకు మాటిచ్చి ఉన్నాడు. ఇక కన్నడంలోకి దిగాడు. నాకు సగం అర్థం కాకపోవడం ఒకందుకు మంచిదే అయింది. ప్రభుదాస్ మధ్యలో కల్పించుకుని, తప్పు తన మాటదని చెప్పబోయాడు. కాదు, నా చెవిదని నేను అడ్డుపడ్డాను. ఆడు సంగతి మొత్తం విన్నాక మేనేజరు నుదురు కొట్టుకున్నాడు. నవ్వాలో తిట్టాలో ఆయనకు తేలలేదు.

చివరికి నేను చెప్పింది ఇది. రాడార్ మలుపు అవతల చాలా దూరం చూడగలదు, హనుమప్పకు అంత దూరం కనబడదు. మలుపు దాకా వచ్చి నిలబడ్డవాళ్ళను హనుమప్ప చూడగలడు, గుర్తుపెట్టుకోగలడు, రాడార్‌కు ఆ రెండూ చేతకావు. కాబట్టి దీపాన్ని డ్రైవర్ల వైపు కాకుండా హనుమప్పకు కనబడేలా మలుపులోని గుడిసె వైపు తిప్పుదాం. ఎవరో లోపలికి వచ్చారని అది ఆయనకు చెబుతుంది. వాళ్ళు బయటికి వచ్చారో లేదో ఆయన చూసుకుంటాడు. డ్రైవర్లకు మాత్రం జెండానే. ఇలా చేస్తేనే అప్పజెబుతాను, లేకపోతే పెట్టె విప్పుకుని పోతాను అన్నాను. ఆ మాట అనడానికి మా కంపెనీ నాకు అధికారం ఇవ్వలేదు. తర్వాత ఫోన్లో చీవాట్లు తిన్నాను కూడా.

మేనేజరు అటు తిరిగి ఇటు తిరిగి, ఎవరికో ఫోన్ చేసి, మళ్ళీ వచ్చాడు. "సరి. జెండా ఇర్లి," అన్నాడు. ఇర్లి అంటే ఉండనీ అని ప్రభుదాస్ నా చెవిలో చెప్పాడు. దీపం ఎటు తిప్పాలి, తీగ ఎటు లాగాలి, దుమ్ము పడకుండా పైన రేకు వెయ్యాలా అని ముగ్గురం ఆ స్తంభం చుట్టూ చేరి లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాం. పూలదండను ప్రభుదాస్ తీసుకెళ్ళి గుడిసె గుమ్మానికి కట్టాడు.

అప్పుడు రోడ్డు వారనుంచి ఒక గొంతు వినబడింది. తిరిగి చూశాను. గంగమ్మ ఇందాక ఎక్కడ ఆగిందో అక్కడే, నెత్తిన గంపతో నిలబడి ఉంది. రోడ్డు మధ్యలో హనుమప్ప కూడా ఆమె వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు, ఎత్తిన ఎర్రజెండా ఇంకా దించలేదు.

"ఏమ్మా," అంది గంగమ్మ, "నేనింక కదలొచ్చునా?"